విల్లుకు చెక్క ఎంపిక: ఓక్ పలక, మల్బరీ దుంగ, వెదురు – దేనితో మొదలుపెట్టాలి?

కొత్తవిల్లు

అందరికీ నమస్కారం. ఒకే చెక్కతో సాదా విల్లు చేయాలనుకుంటున్నాను. నారిని 28 అంగుళాలు లాగినప్పుడు (28 అంగుళాల లాగుడుకు) 40 పౌండ్ల బలం వస్తే చాలు. చేతిలో మూడు దారులున్నాయి.

ఒకటి, రెడ్ ఓక్ పలక. పొడవు 70 అంగుళాలు, వెడల్పు 2, మందం ముప్పావు అంగుళం. బట్టీలో ఆరబెట్టినది. రెండు, నిన్ననే కొట్టిన మల్బరీ దుంగ. వ్యాసం 15 సెం.మీ., ఆరడుగుల పొడవు, బెరడు తీయలేదు. మూడు, గోడ మందంగా ఉన్న వెదురు బొంగు.

విల్లులకు పేరుపడ్డ యూ, ఓసేజ్ ఆరెంజ్ చెట్ల చెక్క దొరక్కపోతే మంచి విల్లు రాదని చాలాచోట్ల చదివాను. అదెంతవరకు నిజం? పలకలో పోగు (చెక్క నార నడిచే తీరు) నేరుగా ఉందో లేదో ఎలా చూడాలో కూడా చెప్పండి.

చేవకర్ర

ముందు జాతి పేరు పక్కన పెట్టండి. చూడాల్సిన వరుస ఇది: పోగు ఈ కొస నుంచి ఆ కొసదాకా తెగకుండా ఉందా, చెక్క సరిగ్గా ఆరిందా, ఆ చెక్క బరువుకు తగ్గ వెడల్పు పెడుతున్నామా. జాతి నాలుగోది. వంకరపోగు ఓసేజ్ కంటే నేరుపోగు ఓక్ ఎప్పుడూ మేలు.

విల్లు లాగినప్పుడు గురి వైపుండే ముఖం సాగుతుంది, మన వైపుండే ముఖం నలుగుతుంది. మొదటిదాన్ని వెలిముఖం అని, రెండోదాన్ని లోముఖం అని అందాం. లోపం లేని చెక్క ఏదైనా పోగు వెంట నలుగుడుకంటే సాగుడును చాలా ఎక్కువ తట్టుకుంటుంది. అందుకే మంచి చెక్కతో చేసిన విల్లు మామూలుగా విరగదు, లోముఖం నలిగి కొంచెం వంగి ఉండిపోతుంది. నారి దించాక కూడా కొసలు మన వైపే ఉంటాయి, బాణం వేగం తగ్గుతుంది. వెలిముఖం ఫట్‌మని విరిగిందంటే పోగు తెగి ఉండాలి, చెక్క అతిగా ఎండి ఉండాలి, లేదా బూజు తిని ఉండాలి.

యూ, ఓసేజ్‌ల గొప్ప అంతా నలుగుడును తట్టుకోవడంలో ఉంది. అందుకే వాటితో విల్లు సన్నగా చేసినా నిలుస్తుంది. 1545లో మునిగిన మేరీ రోజ్ ఓడలో దొరికిన పొడవాటి విల్లులు యూవే. అయితే డెన్మార్క్‌లోని హోల్మెగార్డ్‌లో దొరికిన విల్లులు అంతకంటే వేల ఏళ్ల పాతవి, అవి ఎల్మ్ చెక్కవి. అక్కడ చేసినవాళ్లు లింబులను, అంటే పిడికి రెండు వైపులా వంగే భాగాలను, వెడల్పుగా, పలచగా ఉంచారు. తేలిక చెక్కకు ఈనాటికీ అదే మందు.

బాడిస

పలక చదవడం గురించి రాస్తాను. ఎక్కువ విల్లులు ఇక్కడే పోతాయి కాబట్టి కొంచెం పొడుగవుతుంది.

పలకలో చూడాల్సిన గీతలు రెండు రకాలు. చెట్టులో ఏటేటా పడే వలయాల గీతలు వేరు, పోగు నడిచే దిశ వేరు. చాలామంది మొదటిది చూసి రెండోది వదిలేస్తారు.

ముందు కొస చూడండి. వలయాలు పలక వెడల్పుకు సమాంతరంగా ఉన్నా, నిలువుగా ఉన్నా, ఏటవాలుగా ఉన్నా విల్లుకు పనికొస్తుంది. రెండు కొసల్లోనూ ఒకేలా ఉండాలి, అంతే. ఒక కొసలో పడుకుని, ఇంకో కొసలో నిలబడి ఉంటే చెట్టులోనే మెలి ఉన్నట్టు. ఆ పలక వద్దు.

తర్వాత వెడల్పు ముఖం. వలయాల గీతలు కోసుగా, గోపురాల్లా ఒకదాని మీద ఒకటి లేస్తుంటే, ప్రతి గోపురం కొస దగ్గర ఒక వలయం తెగి పైకి వచ్చేసిందన్నమాట. పిడి దగ్గర ఒకటీ అరా ఉంటే ఫర్వాలేదు, అక్కడ విల్లు వంగదు. లింబు మధ్యలో ఉంటే ఆ ముఖాన్ని వెలిముఖంగా పెట్టకండి.

తర్వాత పక్క అంచు. అక్కడ గీతలు కొస నుంచి కొసకు పారాలి. మందం ముప్పావు అంగుళమే కాబట్టి కొద్దిపాటి వాలు ఉన్నా గీత త్వరగా బయటపడిపోతుంది.

ఇక అసలు సంగతి, పోగు దిశ. రెడ్ ఓక్‌లో వెడల్పు ముఖం మీద సన్నటి ముదురు గీట్లు కనిపిస్తాయి, ఒక్కొక్కటి ఒకటి రెండు సెం.మీ. ఉంటుంది. అవి చెక్కలోని అడ్డకణాల కొసలు. పోగు ఎటు నడుస్తుందో అవీ అటే పడుకుంటాయి. సూదితో గీసినట్టుండే రంధ్రాల గాడులు కూడా అంతే. పలక మధ్యలో ఒక గీటు పట్టుకుని, దాని దిశలోనే పెన్సిల్ గీత పొడిగిస్తూ పోండి. 45 మి.మీ. వెడల్పున్న లింబులో 20కి 1 వాలు అంటే 90 సెం.మీ.లో గీత ఈ అంచు నుంచి ఆ అంచుకు చేరిపోతుంది. అంటే దాదాపు ఒక లింబు పొడవంతా. అంతకంటే ఎక్కువ వాలుంటే నేను ఆ పలక తీసుకోమనను.

అంకెలు కావాలంటే: వంపును తట్టుకునే బలం నేరుపోగులో 100 అనుకుంటే, 20కి 1 వాలులో 93, 15కి 1లో 89, 10కి 1లో 81, 5కి 1లో 55. హఠాత్తుగా పడే దెబ్బ విషయంలో ఇంకా ఘోరం: 10కి 1 వాలులో 62, 5కి 1లో 36. బల్లకో అలమారుకో పది శాతం తగ్గితే తెలియదు. విల్లు చెక్క ఓర్చుకోగల హద్దు దాకా వంగుతుంది కాబట్టి ఇక్కడ ఆ పది శాతమే తేడా.

గీట్లు కనిపించకపోతే ముఖాన్ని చిత్రిక పట్టి, పలచటి సిరా చుక్క వేయండి. అది పోగు వెంట పాకుతుంది. పలక తీసుకున్నాక కొసలో అనవసరమైన ముక్క నుంచి ఉలితో చిన్న పేడు లేపి లాగితే, చీలిక ఎటు పోయిందో అదే పోగు. కన్ను మోసపోవచ్చు, చీలిక మోసం చేయదు.

ఉలిసుత్తి

బాడిస గారు చెప్పినదానికి రెండు చేర్పులు.

వలయాల వెడల్పు కూడా చూడండి. ఓక్, యాష్, హికరీ, ఓసేజ్, మల్బరీ లాంటి చెక్కల్లో ప్రతి వలయానికీ రెండు పొరలుంటాయి: వసంతంలో పెరిగిన రంధ్రాల పొర, తర్వాత పెరిగిన గట్టి పొర. రంధ్రాల పొర మందం ఏటేటా పెద్దగా మారదు, గట్టి పొరే పెరుగుతుంది తరుగుతుంది. అందువల్ల వలయాలు మరీ దగ్గరదగ్గరగా ఉన్న ఓక్ అంటే దాదాపు రంధ్రాల పొరే, తేలిగ్గా, పెళుసుగా ఉంటుంది. ఓక్‌లో వెడల్పు వలయాలు ఏరుకోండి. యూ లాంటి సూదిమొన ఆకుల చెట్లకు ఇది తలకిందులు, అక్కడ దగ్గర వలయాలదే బలం. మేపుల్‌లో ఈ లెక్క పెద్దగా పట్టదు.

రెండోది, తూకం. మీ పలక 178 × 5 × 1.9 సెం.మీ. అనుకుంటే దాదాపు 1,690 ఘన సెం.మీ. తూకం 1,150 గ్రాములు వస్తే సాంద్రత 0.68, రెడ్ ఓక్‌కు బాగుంది. 0.6 కంటే తక్కువైతే ఇంకో పలక చూడండి.

కొత్తవిల్లు

ధన్యవాదాలు. పలక తూచాను, 1,130 గ్రాములు. వలయాలు 3–4 మి.మీ. ఎడంగా ఉన్నాయి. పక్క అంచులో గీతలు నేరుగానే ఉన్నాయి. వెడల్పు ముఖం మీద గీట్ల వెంట పెన్సిల్ గీశాను: ఒక సగంలో 50 సెం.మీ.కి 1 సెం.మీ. పక్కకు జరిగింది, రెండో సగంలో 50 సెం.మీ.కి 4 సెం.మీ. జరిగింది. వెలిముఖానికి నార బట్టో, వెదురు పట్టీయో అంటిస్తే ఇది సరిపోతుందా?

నారిమోత

అంటించవచ్చు. వెదురు పట్టీ 5 మి.మీ. మందంతో పెట్టండి. సాగుడులో వెదురుకు సాటి లేదు, కింది చెక్క పోగు ఎలా ఉన్నా అది మోస్తుంది.

బాడిస

నారిమోత గారూ, ఇక్కడ మీతో ఏకీభవించలేను. వెలిముఖం ఎంత బిగుసుకుంటే లోముఖం మీద భారం అంత పెరుగుతుంది. వంగేటప్పుడు సాగకుండా, నలగకుండా ఉండే మధ్యరేఖ వెలిముఖం వైపు జరిగిపోతుంది, నలిగే భాగం దూరమవుతుంది. 5 మి.మీ. వెదురు కింద రెడ్ ఓక్ పెడితే లోముఖాన అడ్డంగా సన్నటి ముడతలు పడతాయి, గోరు ఆడిస్తే తగులుతాయి. అవి పడ్డ చోట విల్లు మడత కీలులా వంగుతుంది, ఇక బాగుపడదు. ఓక్ మీదకు వెదురు పట్టీ నడుమ 3 మి.మీ. మించనక్కర్లేదు, అంచుల్లో 1 మి.మీ.కి దిగాలి. వెలిముఖాన్ని లోముఖం కంటే సన్నగా, అడ్డుకోతలో పైన ఇరుకు కింద వెడల్పు వచ్చేలా చెక్కితే ఇంకా మంచిది.

అసలు ప్రశ్నకు వస్తే, 50 సెం.మీ.కి 4 సెం.మీ. అంటే 12.5కి 1. నార బట్ట, పచ్చితోలు లాంటివి లేవబోయే పేడును అదిమి పట్టగలవు, పోగు తెగిన చోట బరువు మోయలేవు. ఈ పలకను విల్లుకు వాడకండి. నేరుగా ఉన్న సగం నుంచి పిడి మీద అంటించే దిమ్మ తీసుకోవచ్చు, ముప్పావు అంగుళం మందం పిడికి ఎలాగూ చాలదు.

నారిమోత

మందం విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. 5 మి.మీ. అన్నది ఇపే లాంటి బరువైన చెక్క కింద ఉన్నప్పటి లెక్క. ఇపే సాంద్రత 1.0 చుట్టూ ఉంటుంది, నలుగుడును బాగా ఓర్చుకుంటుంది. దాని పోగు పెనవేసుకుని ఉంటుంది కాబట్టి వెలిముఖానికి వెదురో హికరీయో తప్పనిసరి. ఓక్‌కు అదే కొలత పెట్టకూడదు.

మానుచెట్టు

కొత్తవిల్లు గారూ, పలక సంగతి రేపు చూసుకోవచ్చు, దుంగ సంగతి ఈరోజే చూడాలి. పచ్చి దుంగ కొసల నుంచి గంటల్లోనే నెరియలు విచ్చుకోవడం మొదలవుతుంది.

1. రెండు కొసలకూ చెక్క జిగురు గానీ, దళసరి రంగు గానీ రెండు పూతలు వేయండి. అంచు దాటి ఒక అంగుళం పక్కలకూ పూయండి.

2. బెరడు మీద గీతలు చూసి మెలి అంచనా వేయండి. ముడులు తక్కువ ఉన్న వైపు వెలిముఖం అయ్యేలా చీలిక గీత నిర్ణయించుకోండి. చెట్టు వాలి పెరిగిందా అన్నది కూడా చూడాలి: దవ్వ (దుంగ లోపలి మెత్తటి నడిమి భాగం) నడిమధ్యన లేకుండా ఒక పక్కకు జరిగి ఉంటే ఆ కర్రలో లోపల బిగువు ఉంటుంది, కోశాక దానంతట అదే వంకర పోతుంది.

3. రంపంతో కోయకండి. ఇనుప చీలలతో చీల్చండి. ముందు సరిగ్గా దవ్వ మీదుగా రెండు సగాలు. ఒక చీల కొసలో కొట్టి, నెరియ పాకిన చోటల్లా పక్క నుంచి ఇంకో చీల పెడుతూ పోవాలి. రంపం నేరుగా పోతుంది కానీ పోగును తెంచుతుంది. చీలిక పోగును వదలదు.

4. వెంటనే బెరడు తీసేయండి, లేకపోతే పురుగు పడుతుంది. బెరడు తీసిన ముఖానికీ జిగురు పూత వేయాలి. చెక్క ఆరేటప్పుడు వలయాల వెంబడి కుదింపు, దవ్వ నుంచి బెరడు వైపు ఉండే కుదింపుకు సుమారు రెట్టింపు ఉంటుంది. పూత లేకపోతే వెలిముఖం మీదే నిలువు నెరియలు పడతాయి.

15 సెం.మీ. దుంగలో 45 మి.మీ. వెడల్పు విల్లు తీస్తే వెలిముఖం నడుమ ఉబ్బు మూడున్నర మి.మీ. వస్తుంది. హాయిగా పనిచేస్తుంది. అదే 8 సెం.మీ. మొక్కయితే ఉబ్బు 7 మి.మీ., సాగుడు భారమంతా ఆ శిఖరం మీదే పడుతుంది.

మల్బరీ, ఓసేజ్ రెండూ ఒకే కుటుంబం చెట్లు. చేవ పసుపు రంగులో ఉంటుంది, గాలి తగిలాక గోధుమ రంగుకు తిరుగుతుంది. వెలిముఖం కోసం బెరడు కింది తెల్ల కర్రను ఉంచేయవచ్చు, లేదా తీసేసి చేవలోని ఒకే వలయాన్ని కొసదాకా బయటపెట్టవచ్చు. వలయం పట్టాలనుకుంటే బాగా మందమైన గట్టి పొరను ఎంచుకోండి. రెండు చేతుల కత్తితో పైనున్న గట్టి పొరను లేపుతూ, దాని కింది రంధ్రాల పొర కనబడగానే కత్తి ఆపి స్క్రేపర్ (పలచగా గీకే ఉక్కు రేకు) అందుకోవాలి. రంధ్రాల పొర మీద కత్తి పొడిపొడిగా రాలుస్తుంది, గట్టి పొర తగలగానే శబ్దం మారుతుంది, నున్నటి చుట్టలు లేస్తాయి. ముడి దగ్గర వలయం గుట్టలా లేస్తుంది. ఆ గుట్టను అలాగే వదిలేయాలి, చదును చేశారంటే వలయం తెగుతుంది.

హికరీ, ఎల్మ్, యాష్, మేపుల్‌లకు ఇంత శ్రమ లేదు, బెరడు ఊడిన ముఖమే వెలిముఖం. యూకు తెల్ల కర్రను 5–6 మి.మీ. ఉంచి, లోపల చేవ పెడతారు.

వెదురుపొద

వెదురు గురించి ఎవరూ విడిగా రాయలేదు కాబట్టి కొంచెం. బొంగులో బయటి చర్మానికి దగ్గరగా నారపోగులు దట్టంగా ఉంటాయి, లోపలికి పోయేకొద్దీ పలచబడతాయి. కాబట్టి బయటి ముఖమే వెలిముఖం, దాన్ని ముట్టుకోకూడదు. కణుపుల దగ్గర ఉబ్బును నున్నగా చేయొచ్చు కానీ పక్క చర్మంతో సమానంగా దించకండి. మందం లోపలి వైపు నుంచే తగ్గించాలి.

లేత బొంగు విల్లుకు పనికిరాదు, కనీసం మూడేళ్లు ముదిరినది కావాలి. గోడ మందం మొదలు వైపు 12 మి.మీ. అయినా ఉంటే తప్ప ఒకే బద్దతో 40 పౌండ్లు రాదు. గోడ పలచగా ఉంటే రెండు బద్దలను పిడి దగ్గర మొదళ్లు కలిపి, ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టే పద్ధతి ఉంది. పిండి పదార్థం ఎక్కువ కాబట్టి వెదురుకు పురుగు బెడద ఎక్కువ. బద్దలో సన్నటి రంధ్రాలు, పక్కన పిండిలాంటి పొడి కనిపిస్తే పారేయండి.

ఉలిసుత్తి

ఆరబెట్టడం గురించి చెప్పకపోతే పై మాటలన్నీ వృథా. దుంగ సగాలను అలాగే పెడితే అంగుళం మందానికి ఏడాది లెక్క. అంతకాలం ఆగక్కర్లేదు. సుమారు విల్లు ఆకారానికి, 50 మి.మీ. వెడల్పు, 25–30 మి.మీ. మందానికి దించి, నేరుగా ఉన్న బల్లకు బిగించి, గాలి ఆడే నీడలో పెట్టండి. ఎండలో పెట్టొద్దు. మొదటి మూడు వారాలు నెమ్మదిగా ఆరాలి, నెరియలన్నీ అప్పుడే పడతాయి. వారానికోసారి తూచి కర్ర మీదే రాసిపెట్టుకోండి. వరసగా మూడు వారాలు తూకం మారకపోతే అక్కడి గాలితో సమానమైనట్టే.

కొత్తవిల్లు

తూకం ఆగితే చాలా? తేమ కొలిచే మీటర్ కొనాలా?

చేవకర్ర

తూకం ఆగిందంటే గాలితో సమానమైంది, అంతే. ఆ గాలే తేమగా ఉంటే చెక్కా తేమగానే ఉంటుంది. గాలిలో తేమ 50 శాతం ఉన్న గదిలో చెక్క 9 శాతం దగ్గర నిలుస్తుంది, 65 శాతంలో 12 దగ్గర, 30 శాతంలో 6 దగ్గర. విల్లుకు 8–10 మధ్య కావాలి. 12 దాటితే లోముఖం నలిగి వంగి ఉండిపోతుంది, 6కు దిగితే వెలిముఖం విరిగే ప్రమాదం. హికరీ ఒక్కటే పొడిదనాన్ని బాగా ఓర్చుకుంటుంది, తేమ ఎక్కితే మాత్రం వెంటనే నీరసపడుతుంది.

మీటర్ లేకపోయినా లెక్క తేలుతుంది. అదే కర్ర నుంచి కొసకు ఓ జానెడు లోపలి భాగంలో చిన్న ముక్క కోసి తూచండి. 103 డిగ్రీల ఓవెన్‌లో తూకం మారడం ఆగేదాకా ఉంచి మళ్లీ తూచండి. తేడాను పొడి తూకంతో భాగించాలి. ముందు 84 గ్రాములు, తర్వాత 75 అయితే 9ని 75తో భాగిస్తే 12 శాతం. ఇంకా ఆరాలన్నమాట. కొస చెక్క తొందరగా ఆరుతుంది, అందుకే ముక్క కొస నుంచి తీయొద్దన్నాను.

ఇంకో చిన్న పరీక్ష. మిగిలిన చెక్క నుంచి 3 మి.మీ. మందం, ఒక జానెడున్నర పొడవు బద్ద తీసి, విరిగేదాకా వంచండి. పొడుగాటి పేళ్లుగా చీలి, పోగులు వేలాడుతూ విరిగితే మంచిది. సుద్దముక్కలా పొట్టిగా తెగిపోతే బూజు తిన్న చెక్క, పైకి ఎంత అందంగా ఉన్నా వద్దు. చెక్కలో నల్లటి సన్న గీతలు, మసక మరకలు ఉన్నా ఇదే పరీక్ష చేసి చూడండి.

బాడిస

కొలతలు ఒకసారి. 28 అంగుళాల లాగుడుకు, పిడి దగ్గర వంగని విల్లుకు, 66 నుంచి 68 అంగుళాలు. మొదటి విల్లు కాబట్టి 68కి తగ్గకండి. రెడ్ ఓక్, యాష్, ఎల్మ్ అయితే లింబు సగందాకా 45–50 మి.మీ. వెడల్పు, అక్కడి నుంచి కొసకు 12 మి.మీ.కి దిగాలి. హికరీ 42–45. మల్బరీ 40–45. ఓసేజ్, బ్లాక్ లోకస్ట్ 32–38. తేలిక చెక్క ఎప్పుడూ వెడల్పే కోరుతుంది, మందం పెంచి సరిపెట్టాలని చూడొద్దు. వెడల్పు రెట్టింపు చేస్తే బిగువు రెట్టింపవుతుంది, మందం రెట్టింపు చేస్తే ఎనిమిది రెట్లవుతుంది. 13 మి.మీ. లింబులో ఒక్క మిల్లీమీటరు తీస్తే ఐదో వంతు బలం పోతుంది. చివర్లో చిత్రిక పక్కన పెట్టి స్క్రేపరే వాడమనేది అందుకే.

కొత్తవిల్లు

ఓక్ పలక పక్కన పెట్టాను. ఇంకోటి ఎంచాను: గీట్ల గీత 90 సెం.మీ.లో 1.5 సెం.మీ. మాత్రమే జరిగింది, సాంద్రత 0.67, రెండు కొసల్లో వలయాలు ఒకేలా ఉన్నాయి. మల్బరీ దుంగ చీల్చి పూతలు వేశాను. చీలిక ముఖం మెలి తిరిగింది. ఈ కొసకూ ఆ కొసకూ సుమారు 20 డిగ్రీలు. ఒక సగంలో నడిమి నుంచి జానెడు దూరంలో చిటికెనవేలంత ముడి ఉంది. ఇది పోయినట్టేనా?

బాడిస

ఆ పలక తీసుకోండి. 60కి 1 వాలు, ఏ పట్టీ అక్కర్లేదు.

మానుచెట్టు

దుంగ పోలేదు. మెలి ఉన్నా పోగు తెగలేదు కాబట్టి బలానికి లోటు లేదు, నారి కుదురుగా నిలిచేలా చేయడమే పని. విల్లు గీత గీసేటప్పుడు మెలిని రంపంతో సరిచేయకుండా పోగు వెంటే గీయండి. 20 డిగ్రీల మెలి రెండు లింబులకూ పంచుకుంటే చెరో 10 డిగ్రీలు. సుమారు ఆకారానికి దించాక, అంగుళం మందానికి గంట చొప్పున ఆవిరి పట్టి, బల్లకు బిగించి వ్యతిరేక దిశలో 15 డిగ్రీలు తిప్పి, ఒకరోజు అలాగే వదలండి. వదిలాక కొంత వెనక్కి వస్తుంది, అందుకే 10 దాటించాలి. ఆవిరి వల్ల పైపొరకు తేమ ఎక్కుతుంది, మళ్లీ రెండు వారాలు ఆరనివ్వాలి. చివరికి పిడి నడిమి మీద, రెండు కొసల మీద దారం ఒకే గీతలో పడితే చాలు, మధ్యలో కాస్త మెలి మిగిలినా విల్లు పనిచేస్తుంది.

ముడి చిటికెనవేలంత ఉంటే, లోపల గట్టిగా అతుక్కుని ఉందో లేదో సూదితో పొడిచి చూడండి. గట్టిదైతే దాని చుట్టూ రెండు పక్కలా పోగు ఒరుసుకుని పోతుంది, అక్కడ గీతను ఒక్కో వైపు 4–5 మి.మీ. బయటికి జరిపి లింబును వెడల్పుగా ఉంచండి. మెత్తగా, నల్లగా ఉంటే ఆ పొడి తోడేసి, చుట్టూ ఇంకాస్త చెక్క వదలండి. లింబు అంచు మీద పడేలా మాత్రం ఉండకూడదు. అలా పడుతుందనుకుంటే గీతను మొత్తంగా పక్కకు జరిపి, ముడిని నడుమకు తెచ్చుకోండి.